నిజాంపేట నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి సైకిల్ మీద ఆఫీసు: లైట్లు, అద్దం, రాడార్... ముందు ఏం కొనాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్తే అండి. నేను నిజాంపేటలో ఉంటాను, ఆఫీసు విప్రో సర్కిల్ దాటాక. నాలుగు నెలలుగా వారానికి మూడు రోజులు సైకిల్ మీదే వెళ్తున్నాను, జేఎన్టీయూ, సైబర్ టవర్స్, కొత్తగూడ, గచ్చిబౌలి మీదుగా, రానూపోనూ ముప్పై కిలోమీటర్ల పైనే పడుతుంది. పొద్దున ఆరున్నరకి బయల్దేరతాను కాబట్టి వెళ్ళేటప్పుడు హాయిగా ఉంటుంది, ఇబ్బందంతా సాయంత్రం ఏడున్నర ఎనిమిదికి తిరిగొచ్చేటప్పుడే.

పోయిన మంగళవారం కొత్తగూడ దాటాక ఒక ఆటో నన్ను దాటేసి వెంటనే ఎడమకి కోసేశాడు, నా హ్యాండిల్ అతని సైడు రాడ్డుకి తగిలి కింద పడ్డాను. మోచెయ్యి చెక్కుకుపోయింది, హెల్మెట్ రోడ్డుకి కొట్టుకుంది, అంతకుమించి ఏం కాలేదు. ఆ అబ్బాయి పాపం దిగొచ్చి నన్ను లేపి నీళ్ళు కూడా ఇచ్చాడు, "అన్నా ఒట్టు, నువ్వు కనపళ్ళేదన్నా" అన్నాడు. నాకు కోపం వచ్చింది, లైట్ ఉంది కదా అని. తీరా వెనక్కి తిరిగి చూస్తే లైట్ వెలుగుతూనే ఉంది, కానీ వీపు బ్యాగ్‌కి తొడిగిన రెయిన్ కవర్ జారి దాని మీద పడి ఉంది. అంటే జేఎన్టీయూ దాకా అలాగే వెళ్ళిపోయేవాణ్ణేమో, ఎవరికీ కనపడకుండా.

ఇంట్లో మా ఆవిడ ఇక ఆఫీసు క్యాబ్‌లోనే వెళ్ళమంటోంది. నాకు మాత్రం మానాలని లేదండి, నాలుగు నెలల్లో నిద్ర బాగుపడింది, సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆఫీసు గోల బుర్రలోంచి పోతోంది. ఆవిడకి ధైర్యం చెప్పాలంటే ముందు నాకు ధైర్యం ఉండాలి కదా. బడ్జెట్ పది వేలు. నా దగ్గర ఉన్నవి మామూలు హైబ్రిడ్ సైకిల్, రిమ్ బ్రేకులు, 35 ఎంఎం టైర్లు, ఆ ఒక్క లైట్, హెల్మెట్. రాడార్ అని ఏదో ఉందంట, వెనకొచ్చే బండ్లని పట్టేస్తుందంట, అది కొనాలా? ఫోన్ మౌంట్? అద్దం? హెల్మెట్ పైన చిన్న గీత తప్ప ఏం లేదు, వాడొచ్చా? రోజూ ఈ ఊళ్ళో తొక్కేవాళ్ళు చెప్పండి ప్లీజ్, వెబ్‌సైట్లలో అందరూ ఖాళీ రోడ్ల గురించే రాస్తున్నారు.

డబుల్‌బెల్:

ముందు మోచెయ్యి ఎలా ఉంది బ్రదర్? టీటీ ఇంజెక్షన్ వేయించుకోకపోతే వేయించుకోండి.

హెల్మెట్ మార్చేయండి, ఇందులో రెండో మాట లేదు. లోపల ఉండే తెల్లటి ఫోమ్, టీవీల డబ్బాలో వచ్చే థర్మాకోల్ లాంటిదే, దెబ్బని తను నలిగి తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్ళీ లేవదు. పైన ప్లాస్టిక్ పెంకు బాగానే కనపడుతుంది, లోపల అణిగిపోయిన చోటు కంటికి కూడా తెలీదు. కొత్తది కొనేటప్పుడు లోపల స్టిక్కర్ మీద ఈఎన్ 1078 అనో, సీపీఎస్‌సీ అనో భద్రతా ప్రమాణం పేరు ఉందా చూడండి. పసుపు రంగు పల్చటి పొర ఉండే మిప్స్ హెల్మెట్లు ఉంటాయి, పక్కగా దెబ్బ తగిలినప్పుడు ఆ పొర ఒక సెంటీమీటర్, సెంటీమీటరున్నర జరిగి తల మెలి తిరిగే జోరు తగ్గిస్తుంది. బడ్జెట్‌లో దొరికితే మంచిదే, దొరక్కపోతే మామూలుదైనా సైజు సరిగ్గా ఉంటే చాలు. సైజు ఎందుకంటున్నానంటే రోడ్డు మీద చూసేవాళ్ళలో సగం మందికి హెల్మెట్ వెనక్కి టోపీలా జారి ఉంటుంది, నుదురంతా బయటే. కనుబొమ్మల పైన రెండు వేళ్ళు పట్టే అంత ఎడం ఉండాలి, పట్టీలు చెవి కింద వి ఆకారంలో కలవాలి, గడ్డం కింద ఒక వేలు దూరాలి అంతే.

ఇక లైట్లు. మీకు జరిగింది నాకూ ఇంకో రకంగా జరిగింది. వానాకాలంలో నానక్‌రామ్‌గూడ నుంచి వస్తున్నా, మడ్‌గార్డ్ లేదు, ఇంటికొచ్చి చూస్తే వెనక లైట్ అద్దం మీద బురద పొర గట్టిగా పేరుకుపోయి ఉంది, వేలితో గీస్తే తప్ప ఎరుపు బయటికి రావట్లేదు. అప్పట్నుంచి వెనక రెండు లైట్లు పెడుతున్నా. ఒకటి సీటు రాడ్డుకి, కదలకుండా స్థిరంగా వెలిగే మోడ్‌లో. రెండోది హెల్మెట్ వెనక, మెరిసే మోడ్‌లో. రెండూ మెరిస్తే ఏమవుతుందంటే వెనక కారు వాడికి మీరు ఉన్నారని తెలుస్తుంది కానీ ఎంత దూరంలో ఉన్నారో అంచనా దొరకదు. స్థిరంగా వెలిగేది ఒకటుంటే కంటికి ఆసరా. పైగా హెల్మెట్ మీదది మీ తలతో పాటు తిరుగుతుంది, కార్ల వరసల మధ్య కూడా పైనుంచి కనపడుతుంది, ఏ రెయిన్ కవరూ దాన్ని కప్పలేదు.

ముందు లైట్‌కి ల్యూమెన్ల (వెలుగు కొలత) పిచ్చి వద్దు. మీ దారంతా వీధి లైట్లే, రెండు మూడు వందల ల్యూమెన్లు ఉంటే ధారాళంగా సరిపోతుంది. వీలైతే పైభాగం కోసినట్టు కాంతి పడే రకం తీసుకోండి, జర్మనీ వాళ్ళ రూల్ ప్రకారం చేసే లైట్లు అలా ఉంటాయి, కారు డిప్పర్ లాగా రోడ్డు మీదే పడుతుంది, ఎదుటివాడి కళ్ళల్లో పడదు. ఏ లైట్ అయినా కాస్త కిందికి వంచి పెట్టండి. రాంగ్ రూట్లో ఎదురొచ్చే స్కూటీ వాడి కళ్ళు మనమే చెదరగొడితే వాడు నేరుగా మన మీదికే వస్తాడు.

ఇంకోటి, ఇది చవకది కానీ నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది. చీలమండలకి మెరిసే పట్టీలు. రెండు కాళ్ళకీ రెండు, జత రెండొందలు ఉంటుంది. హెడ్‌లైట్ వెలుగు పడగానే అవి పైకీ కిందికీ ఆడుతూ కనపడతాయి, అది చూడగానే డ్రైవర్ బుర్రకి "మనిషి, తొక్కుతున్నాడు" అని తెలిసిపోతుంది. ఛాతీ మీద జాకెట్ మెరిసినా అది బోర్డో, డివైడర్ స్టిక్కరో, మనిషో ఒక్క క్షణం ఆలోచించాల్సి వస్తుంది. ప్యాంటు చైన్‌లో పడకుండా కూడా పట్టుకుంటాయి.

లింగంపల్లిచైన్:

అన్న, లైట్ల గురించి డబుల్‌బెల్ అన్న చెప్పిండు, నేను టైర్ల గురించే చెప్త. ఎందుకంటే రాత్రి పూట రోడ్డు పక్కన పంక్చర్ అయ్యి కూసునుడే అసలు డేంజర్, గది ఎవ్వరు లెక్కల పెట్టరు.

నేను పన్నెండేండ్ల సంది తొక్కుతున్న, పటాన్‌చెరు దిక్కు పని. మన సర్వీస్ రోడ్ల మీద మేకులు, గాజు పెంకులు గంతగనం ఉండవు, ఉండేది సన్న ఇనుప తీగ. లారీ టైర్లు పేలినప్పుడు రాలే ముక్కలల్ల ఉంటది, చీపురు పుల్ల కన్న సన్నగ, అర ఇంచు కూడ ఉండదు. అది టైర్ల గుచ్చుకుంటే గాలి మెల్లగ పోతది, నువ్వు ట్యూబ్ మార్చి మళ్ల గాలి కొట్టినా అదే తీగ మళ్ల పొడుస్తది. ఒక్క రాత్రి మూడు పంక్చర్లు అయినయ్ నాకు, మూడు ఒక్కటే తీగ వల్ల. కంటికి కనవడదు, వేలికి గుచ్చుకోదు. అప్పటి సంది నేను చేసేది చెప్త. సాక్సు విప్పి చేతికి తొడుక్కో, టైరు లోపల చుట్టు రుద్దుకుంట పో, తీగ ఉన్న కాడ సాక్సు దారం పట్టుకుంటది. అప్పుడు గోళ్లు తీసే కట్టర్‌తోని పట్టి గుంజు. గా కట్టర్ నా సంచిల ఎప్పుడు ఉంటది.

టైర్లు అరిగినంక కొత్తయి కొనేటప్పుడు లోపల పంక్చర్ ఆపే పొర ఉన్నయ్ తీస్కో. ష్వాల్బే మారథాన్ ప్లస్ అని ఉంటది, దాంట్ల 5 ఎంఎం మందం రబ్బరు పొర ఉంటది, బరువు ఎక్కువనే, కాని రోజూ ఆఫీసుకు పోయేటోనికి బరువు ఏం చేస్కుంటవ్. ధర ఎక్కువ అనిపిస్తే పాత ట్యూబును మధ్యల చీరి టైరు లోపల పట్టీ లెక్క ఎయ్యి, మా తాతలు చేసిన పనే ఇది.

సంచిల ఉండాల్సినయ్ ఏందంటే ఒక స్పేర్ ట్యూబ్, టైరు విప్పనీకి రెండు ప్లాస్టిక్ లివర్లు, చిన్న పంపు, ప్యాచులు, అలెన్ కీలు 4, 5, 6. గంతే. గింత టూత్‌పేస్ట్ ట్యూబ్ ముక్క కత్తిరించి కడిగి పెట్టుకో, టైరు పక్క చినిగితే లోపల్నుంచి అది ఎయ్యాలె, ఇల్లు చేరేదాక ట్యూబు బయటికి ఉబ్బకుంట ఆపుతది. వాల్వ్ ఏందో చూస్కో, నీ హైబ్రిడ్‌కు బైకు వాల్వే ఉంటది చాన మట్టుకు, పెట్రోల్ బంకుల డైరెక్టుగ కొట్టొచ్చు, కాని కొట్టేటోనికి అప్పజెప్పకు, మిషన్ నలబై యాబై మీద పెట్టిచ్చుకొని నువ్వే పట్టుకో. సన్న వాల్వ్ అయితే ఇత్తడి అడాప్టర్ కొనుక్కో, రూపాయి బిళ్లంత కూడ ఉండదు, తాళం చెవుల గుత్తికి తగిలియ్యి.

ఎంత గాలి అంటే టైరు పక్కన రాసి ఉంటది, గా ఎక్కువ నంబర్ దాక కొట్టకు. 35 టైరుకు మామూలు మనిషికి యాబై పీఎస్ఐ మస్తు. రాయి లెక్క గట్టిగ ఉంటే మన స్పీడ్ బ్రేకర్ల మీద చేతులు గుంజుతయ్, వానల జారుతది కూడ.

మబ్బులకిటికీ:

నేను తార్నాకలో ఉంటాను, వారంలో నాలుగు రోజులు పొద్దున్నే ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్, వీలుంటే సంజీవయ్య పార్కు దాకా. ఆడవాళ్ళు ఎవరైనా చదువుతుంటారని రాస్తున్నాను.

నాకు బాగా ఉపయోగపడింది అద్దం. హ్యాండిల్ చివర రబ్బరు మూతలో దూర్చి బిగించే గుండ్రటి చిన్న అద్దం, కుడి వైపు. మనం ఎడమ వైపు తొక్కుతాం కదా, వెనకొచ్చేదంతా కుడి నుంచే వస్తుంది. కొత్తలో అది అదిరిపోతూ ఏం కనపడేది కాదు, స్క్రూ కింద పాత ట్యూబు ముక్క చుడితే నిలబడింది. అద్దం లేనప్పుడు ప్రతిసారీ భుజం మీదుగా వెనక్కి చూసేదాన్ని, అలా చూసినప్పుడల్లా సైకిల్ కుడికి ఒక అడుగు జరిగేది, నాకు తెలీకుండానే. ఇప్పుడు ముందు అద్దంలో చూసి, అవసరమైతేనే తల తిప్పుతాను. ఇంకో ఉపయోగం ఏంటంటే ఎవరైనా బండి మీద మన వేగానికే వస్తూ వెనకే ఉండిపోతే తెలుస్తుంది. నాకు రెండుసార్లు అలా జరిగింది, రెండుసార్లూ టీ కొట్టు దగ్గర మనుషుల మధ్య ఆగిపోయాను, వాళ్ళు వెళ్ళిపోయారు. బయల్దేరేటప్పుడు ఫోన్‌లో లైవ్ లొకేషన్ అమ్మకి పంపుతాను, ఒక గంటకే పెడతాను, ఆమె నిద్ర లేవగానే అదే చూస్తుంది.

కళ్ళద్దాలు మర్చిపోకండి, రంగు లేనివి. సాయంత్రం పూట హుస్సేన్ సాగర్ పక్కన పురుగులు గుంపులు గుంపులుగా వస్తాయి, ఒకటి కంట్లో పడితే రెండు కళ్ళూ వాటంతట అవే మూసుకుపోతాయి, ఆ రెండు సెకన్లు మీరు గుడ్డిగా తొక్కుతున్నట్టే. గచ్చిబౌలి వైపు పురుగులకి బదులు కట్టడాల దుమ్ము.

గోదారిగట్టు గారూ, ఆదివారాలు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సైకిల్ ట్రాక్‌కి వెళ్తారా? మీ ఆఫీసు నుంచి దగ్గరే. 2023 అక్టోబర్‌లో తెరిచారు, 23 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క, పైనంతా సోలార్ పలకల నీడ. కొత్త గేర్ ఏది కొన్నా ముందు అక్కడ ఒక గంట వాడి చూడండి. నేను అద్దంలో చూడటం అక్కడే అలవాటు చేసుకున్నాను, కార్లు ఉండవు కాబట్టి భయం లేకుండా నేర్చుకోవచ్చు. అక్కడ మాత్రం మంచి బెల్లు ఉండాలి, చిన్న పిల్లలు అడ్డంగా తిరిగేస్తుంటారు. ఇత్తడి బెల్లు ఒక్కసారి కొడితే "టింగ్‌గ్‌గ్" అని రెండు మూడు సెకన్లు మోగుతుంది చూడండి, అది. ఎలక్ట్రిక్ హారన్‌కి పిల్లలు బెదిరి ఎటు పడితే అటు పరిగెడతారు, ఈ మోతకి తల తిప్పి చూస్తారు.

శంకర్‌పల్లిసండే:

రాడార్ గురించి అడిగారు కదా, నా దగ్గర గార్మిన్ వేరియా ఆర్‌టీఎల్ 515 ఉంది, చెప్తాను. వెనక లైట్, రాడార్ రెండూ ఒకే దాంట్లో ఉంటాయి, సీటు రాడ్డుకి పెడతాం. వెనకనుంచి మనకన్నా వేగంగా వచ్చే బండిని 140 మీటర్ల దూరం నుంచే పట్టి సైకిల్ కంప్యూటర్ మీద గానీ ఫోన్‌లో గానీ చుక్కలా చూపిస్తుంది, బీప్ కొడుతుంది. శంకర్‌పల్లి రోడ్డు, చేవెళ్ళ దాటాక వికారాబాద్ వైపు, ఇలాంటి చోట్ల అది నాకు ప్రాణం లాంటిది. గాలి ఎదురు కొడుతున్నప్పుడు చెవుల్లో హోరు తప్ప ఏం వినపడదు, టిప్పర్ పక్కకి వచ్చేదాకా తెలీదు. రాడార్ ఉంటే ఆరేడు సెకన్ల ముందే తెలుస్తుంది, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని గీతలో ఉంటాను.

కానీ మీ దారికి వద్దు, నిజంగా చెప్తున్నా. సైబర్ టవర్స్ దగ్గర సాయంత్రం పూట అది ఆపకుండా కొడుతూనే ఉంటుంది, పది నిమిషాల్లో మీరే శబ్దం కట్టేస్తారు. పైగా మీ వేగానికే మీ వెనక నడిచే బండిని చూపించదు. మిమ్మల్ని కొట్టిన ఆటో ముందుకి దాటేసి కోశాడు, దానికి రాడార్ ఏం చెయ్యగలదు? దాని ఖరీదు మీ బడ్జెట్‌కి దాదాపు రెట్టింపు కూడా.

ఆటోలకి చెయ్యగలిగింది రోడ్డు మీద మనం ఉండే చోటు. గట్టు అంచుకి అంటుకుని తొక్కితే ప్రతివాడికీ పక్కన సందు ఉన్నట్టే కనపడుతుంది, దూరి కోసేస్తారు. అంచు నుంచి ఒక మీటరు లోపలికి ఉండండి, ఆగిన కార్ల తలుపులు కూడా తగలవు, అంచున ఉండే డ్రైనేజీ జాలీ మూతల్లో చక్రం ఇరుక్కోదు. ఆటో మిమ్మల్ని దాటి వేగం తగ్గించాడంటే పాసింజర్ కోసమే, వెంటనే బ్రేకు మీద వేళ్ళు పెట్టండి. ఆర్టీసీ బస్సు అయితే స్టాపు ముందు దాని ఎడమ పక్కకి ఎప్పుడూ వెళ్ళకండి.

గోదారిగట్టు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. రాడార్ ఆలోచన మానేశాను. మబ్బులకిటికీ గారూ, అద్దం ఆర్డర్ పెట్టేశాను. లింగంపల్లి అన్నా, సాక్సు మాట మా ఆవిడకి చదివి వినిపించాను, గోళ్ళ కట్టర్ ఆవిడే తెచ్చి బ్యాగ్‌లో వేసింది!

రెండు సందేహాలు. ఫోన్ హ్యాండిల్ మీద పెట్టుకుంటే కెమెరా పాడవుతుందంటున్నారు, నిజమేనా? ఒక చెవికే ఇయర్‌బడ్ పెట్టుకుంటే పర్లేదా, పాటలు లేకపోతే నలభై ఐదు నిమిషాలు కష్టంగా ఉంటోంది.

డబుల్‌బెల్:

కెమెరా మాట 2021లో యాపిల్ వాళ్ళే చెప్పారు, కాకపోతే అది పెద్ద మోటార్‌సైకిల్ ఇంజిన్ అదురు గురించి. సైకిల్‌కి ఇంజిన్ లేదు కాబట్టి అంత భయం లేదు. నేను మాత్రం ఫోన్ హ్యాండిల్ మీద పెట్టను, కారణం వేరు. ఏప్రిల్ మేలో ఎండకి ఫోన్ వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది, మెసేజ్ వస్తే కళ్ళు అటు పోతాయి, పైగా పడితే ముందు పగిలేది అదే, అప్పుడే ఇంటికి ఫోన్ చెయ్యాల్సి వస్తుంది. ఫోన్ ఒంటి మీద ఉండాలి, సైకిల్ మీద కాదు. దూరం, వేగం చూడాలంటే తీగతో వచ్చే పాత రకం మీటర్ చాలు, ఆ గుండ్రటి బ్యాటరీ నెలల తరబడి వస్తుంది.

ఇయర్‌బడ్ వద్దు. ఒక చెవి మూస్తే శబ్దం ఎటు నుంచి వస్తోందో బుర్ర చెప్పలేదు, దానికి రెండు చెవులూ కావాలి.

శంకర్‌పల్లిసండే:

ఇక్కడ నేను కొంచెం వేరేగా చెప్తాను. చెవి రంధ్రం మూయకుండా చెవి ముందు చెంప ఎముక మీద ఆనే హెడ్‌ఫోన్లు ఉంటాయి, షాక్స్ లాంటివి, రెండు చెవులూ తెరిచే ఉంటాయి. ట్రాక్ మీద, ఊరి బయట తక్కువ సౌండ్‌తో వాడతాను, హారన్లు స్పష్టంగా వినపడతాయి. ట్రాఫిక్‌లో మాత్రం నేనూ తీసి మెడకి వేసుకుంటాను.

డబుల్‌బెల్:

ట్రాక్ మీద అయితే ఒప్పుకుంటా. కొత్తగూడ దగ్గర ఒప్పుకోను.

లింగంపల్లిచైన్:

ఒకటి మర్చిపోయిన అన్న. నీవి రిమ్ బ్రేకులు అన్నవ్ కదా. వానకాలం వస్తుంది, బ్రేక్ రబ్బర్లు విప్పి చూడు. దాంట్ల మెరుస్తున్న చిన్న చిన్న లోహం రవ్వలు కనవడతయ్, రిమ్ముదే అల్యూమినియం, ఇసుక అరగదీస్తె వచ్చి రబ్బర్ల ఇరుక్కుంటయ్. బ్రేక్ కొడితే "కర్ర్" అంటదా, గదే. పిన్నీసు తీస్కొని ఒక్కొక్కటి పీకెయ్యి, గరుకు కాగితంతోని పైన కొంచెం రుద్దు, రిమ్ము తడిబట్టతోని తుడువు. పది నిమిషాల పని, పైస ఖర్చు లేదు. తడిల రిమ్ బ్రేక్ ఎంటనే పట్టదు, ముందు నీళ్లు తుడుచుకపోవాలె, తర్వాత పడతది. అందుకే వానల ఆగాల్సిన చోటు కంటె చాన ముందే మెల్లగ నొక్కుడు మొదలువెట్టు.

చైనుకు కొబ్బరి నూనె గాని, ఇంజిన్ ఆయిల్ గాని పొయ్యకు, మన దుమ్ముకు అది నల్ల పేస్టు అయితది. సైకిల్ చైను కోసమే చేసిన నూనెలు ఉంటయ్, ఎండకాలం డ్రై లూబ్, వానకాలం వెట్ లూబ్, ఒక్కో లింకుకు ఒక్క చుక్క, ఐదు నిమిషాలు ఆగి పైన ఉన్నదంత బట్టతోని తుడిచెయ్యి. మడ్‌గార్డ్ పొడుగుది ఏపియ్యి, వెనక చక్రానికి తప్పకుంట. డబుల్‌బెల్ అన్న లైటు మీద బురద పడ్డది అన్నడు కదా, దాన్కి మందు అదే.

వాన నీళ్లు నిలిచిన కాడ ముందు పోయే బండి చక్రం ఏడ దిగిందో చూస్కుంట గదే దారిల పో. ముందు బండి లేకుంటే దిగి నడువు. మూత లేని మ్యాన్‌హోల్ నీళ్ల కింద ఉంటె దేవునికే కనవడదు.

మబ్బులకిటికీ:

కుక్కల గురించి ఎవరూ చెప్పలేదు. తార్నాకలో పొద్దున ఐదున్నరకి ఇదే నా పెద్ద సమస్య. వేగంగా తొక్కి పారిపోవాలని చూస్తే ఇంకా తరుముతాయి. నేను వేగం తగ్గించి "ఏయ్, పో" అని గట్టిగా అరుస్తాను, చాలాసార్లు ఆగిపోతాయి. ఆగకపోతే దిగి సైకిల్‌ని నాకూ వాటికీ మధ్య అడ్డం పెట్టుకుని నడుస్తాను. నొక్కితే నీళ్ళు చిమ్మే మెత్తటి బాటిల్ వాడండి, స్టీలుది కాదు, ముఖం మీద చిమ్మితే వెనక్కి తగ్గుతాయి, పాపం వాటికీ ఏం కాదు. కరిస్తే మాత్రం సబ్బు, ధారగా నీళ్ళతో పావుగంట కడిగి అదే రోజు రేబీస్ ఇంజెక్షన్‌కి వెళ్ళాలి, రేపు చూద్దాం అనుకోకూడదు.

గోదారిగట్టు:

మూడు వారాల తర్వాత వచ్చాను, ఏం చేశానో చెప్పాలనిపించి.

హెల్మెట్ కొత్తది, మూడు వేలు పడింది. వెనక రెండు లైట్లు, ముందు ఒకటి కలిపి మూడున్నర. అద్దం, పట్టీలు, ఇత్తడి బెల్లు, రంగు లేని కళ్ళద్దాలు, మడ్‌గార్డ్‌లు, పంపు, స్పేర్ ట్యూబ్, అన్నీ కలిపినా పది వేలు దాటలేదు. పాత హెల్మెట్ పారేసే ముందు లోపలి ఫోమ్ మీద అంటించిన స్పాంజి మెత్తలు పీకి చూశానండి. కుడి కణత పైన చోట వెంట్రుక మందాన ఒక పగులు, అగ్గిపుల్లంత పొడుగు. బయట గీత ఉన్న చోటు కాదు, దానికి రెండంగుళాల అవతల. అది చూసి మా ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత కొత్త దాని పట్టీలు తనే నా గడ్డం కింద సరిచేసింది, ఇప్పుడు రోజూ పొద్దున తనే వేలు దూర్చి చూస్తుంది.

రాత్రి పూట తేడా బాగా తెలుస్తోంది. ముందు కార్లు నన్ను రాసుకుంటూ వెళ్ళేవి, ఇప్పుడు కొంచెం దూరం నుంచే పక్కకి జరుగుతున్నాయి, అందరూ కాదు, కానీ చాలామంది. నిన్న గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ఒక స్విగ్గీ అబ్బాయి బండి పక్కన ఆపి "అన్నా కాళ్ళకి అవి ఎక్కడ కొన్నావ్, దూరం నుంచి భలే కనపడుతున్నయ్" అని అడిగాడు. ఒక జత స్పేర్ ఉంటే ఇచ్చేసేవాణ్ణి, ఈసారి రెండు జతలు బ్యాగ్‌లో పెట్టుకుంటాను.

గురువారం పంక్చర్ కూడా అయింది, హైటెక్ సిటీ స్టేషన్ దాటాక. మెట్రో పిల్లర్ పక్కన లైట్ కింద కూర్చుని సాక్సు తొడుక్కుని రుద్దితే నిజంగానే తీగ దొరికింది లింగంపల్లి అన్నా! స్పేర్ ట్యూబ్ వేసుకుని ఇంటికొచ్చాను. పాత ట్యూబ్‌కి ఇంట్లో ప్యాచ్ వేద్దామని చూస్తే కిట్‌లో వచ్చిన సొల్యూషన్ ట్యూబ్ లోపల గట్టిపడిపోయి ఉంది, ఒక్కసారే తెరిచాను అంతకుముందు. ఇది మామూలేనా?

లింగంపల్లిచైన్:

మామూలే అన్న. ఒకసారి మూతికి చిల్లు వడ్డదంటే రెండు మూడు నెలలల్ల ఎండిపోతది, మూత ఎంత బిగిచ్చినా సరే. అందుకే పెద్దది కొనకు, బుడ్డవి నాలుగు తీస్కో, సంచిల ఎప్పుడు సీలు తియ్యనిది ఒకటి ఉండాలె. ప్యాచ్ ఏసేటప్పుడు సొల్యూషన్ పూసినంక ఎంటనే అతికియ్యకు, మెరుపు పొయ్యి మసకగ అయ్యేదాక ఐదు నిమిషాలు ఆగు, అప్పుడు ఎయ్యి. గా తీగ పారేసినవా, జేబుల ఏస్కున్నవా? రోడ్డు మీద మళ్ల పడెయ్యలేదు కదా.

గోదారిగట్టు:

లేదన్నా, అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చాను.